లెక్కకు రాని గుక్క

"దయ్యం సంగతి నన్నడగకుండ్రి మేడం. పాప కడుపులకు ఏం పోయిందో అది చెప్పుండ్రి. అది తెలిస్తే నా పని నేను చేస్త," అన్నది డాక్టర్ శ్రుతి.

మనోరమ మంచం దగ్గరికి వెళ్లింది. ఎనిమిదేళ్ల రుచిత కళ్లు తెరిచే ఉంది కానీ ఎవరినీ చూడటం లేదు. నల్లగుడ్డు పెద్దదై కన్నంతా ఆక్రమించింది. ముఖం ఎర్రగా కందిపోయింది. పెదవులు ఎండి అట్టలు కట్టాయి. రెండు చేతుల వేళ్లూ గాలిలోంచి ఏవో పోగులు ఏరి దుప్పటి మీద పెడుతున్నాయి. ఉన్నట్టుండి గోడవైపు తిరిగి, "నువ్వు రాకు. అవ్వ కొడతది," అంది.

మంచానికి అవతల కూర్చున్న తల్లి అనిత కొంగు నోట్లో కుక్కుకుంది.

"వాడే మేడం. ఆ పుస్తకంల ఉన్నోడే. వాన్నే చూస్తున్నది."

మనోరమ పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉండి, గడువుకు ముందే ఉద్యోగం మానుకుని, సంగారెడ్డిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. ఈ పొద్దు ఆమెను జహీరాబాద్ పిలిపించింది పాప తల్లిదండ్రులు కాదు. పాపకు విషం పెట్టాడన్న నింద ఎవరి మీద పడిందో, ఆ పుస్తకాల షాపు రామ్‌కిషన్ భార్య. వచ్చీరాగానే మనోరమ ఆ మాట అనితకు దాచకుండా చెప్పింది. "ఎవలు పిలిస్తేంది మేడం, నా బిడ్డ లేస్తే చాలు," అంది అనిత.

జరిగింది ఇది. శనివారం ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో పుస్తకాల మేళా పెట్టారు. అందులో 'చీకటి చుట్టం' అనే పుస్తకం వేడి మిర్చి బజ్జీల్లా అమ్ముడుపోయింది. నల్లట్ట, లోపల రంగుల బొమ్మలు. దానితో పాటు ఒక పెట్టె. పెట్టెలో నల్లగుడ్డ, చిన్న అద్దం, 'మాయపొడి' అని రాసిన పొట్లం. చీకటి గదిలో అద్దం ముందు కూర్చుని, పొడి నాలుక మీద వేసుకుని పిలిస్తే అవతలి లోకం నుంచి ఒక చుట్టం వస్తాడట. అడిగిందల్లా చేసిపెడతాడట. అయిదేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం అని అట్ట మీదే వేశారు. శనివారం రాత్రికే తల్లిదండ్రుల ఫోన్లలో గొడవ మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం రుచిత, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఆ ఆట ఆడింది. సోమవారం పొద్దున బడిలో ప్రార్థనకు నిలబడి నిలబడి తూలి పడింది. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. ఊరంతా ఒకటే మాట, పుస్తకంలోంచి వచ్చింది పిల్లను పట్టుకుందని.

"ఇట్లాంటిది లోపలికి పోయినంక ఎంతసేపటికి బయటపడ్తది?" అని అడిగింది మనోరమ.

"గంట, మహా అయితే ఇంకొంచెం. రాత్రంతా ఆగదు."

"అంటే నిన్నటి పొడి కాదు."

"నేనూ అదే అంటున్న. పొలాలకు కొట్టే మందు గూడ కాదు, అదైతే కంటిగుడ్డు చిన్నగైతది. కొన్ని మాత్రలు మింగినా ఇట్లనే అయితది, కొన్ని గింజలు నమిలినా ఇట్లనే అయితది. ఏదో తెల్వకుండ గుడ్డిగ మందు పొయ్యలేను. హైదరాబాద్ పంపుదామంటే దారిల ఫిట్స్ వస్తే ఎట్ల?"

మనోరమ అనిత పక్కన కూర్చుంది. "అమ్మా, జర యాది చేసుకో. పొద్దున లేచిన కాడ్నుంచి బడికి పోయేదాక పాప నోట్ల ఏం పడ్డది?"

"ఏం పడలే మేడం. సోమవారం పూజ కానిది మా ఇంట్ల పొయ్యి ముట్టియ్యం. పాలు సుత తాగలే. టిఫిన్ డబ్బ కట్టిన, అది మూత తియ్యనే లేదు."

"నీళ్లు?"

"బాటిల్ నిండుగనే ఉన్నది."

"మాత్రలేమన్న? ఇంట్ల పెద్దోళ్లవి?"

"అత్తమ్మ బీపీ గోలీలు బీరువల ఉంటయి. లెక్క చూసినం, సరిగ్గనే ఉన్నయి."

అనిత కళ్లలో అబద్ధం లేదు. మనోరమ చాలామంది కళ్లు చూసింది. ఈమె నిజమే చెబుతోంది. నిజమే చెబుతోంది గనుకనే దారి మూసుకుపోయింది.

---

పుస్తకాల షాపు షట్టర్ సగం దించి ఉంది. బయట జనం. లోపల రామ్‌కిషన్ కుర్చీలో ఇన్‌స్పెక్టర్ నర్సింగ్ కూర్చున్నాడు. బాలల భద్రతా దళం అని కొత్తగా పెట్టిన ఒక దళానికి అతను అధికారి. రామ్‌కిషన్ తన షాపులో తానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రా అక్కా, రా," అన్నాడు నర్సింగ్ లేవకుండానే. "డిపార్టుమెంట్ల ఉన్నప్పుడు నాకంటే ముందు దిగుతుంటివి. ఇప్పుడు లేటైతున్నది. వయసు గద."

"అప్పుడు నువ్వు జీపుల ఎనక సీట్ల కూసుంటుంటివి నర్సింగ్. ముందు దిగేది ముందు కూసున్నోళ్లే గద."

మూలన నిలబడ్డ కానిస్టేబుల్ యాకోబుకు దగ్గు వచ్చింది. నర్సింగ్ అటు చూడగానే తగ్గిపోయింది.

"కేసు అయిపోయిందక్కా. పొడి తిన్నది, పడిపోయింది, అమ్మినోడు దొరికిండు. పొద్దు గూకకముందే వీన్ని మెజిస్ట్రేట్ ముందు నిలబెడ్త. నువ్వు ఫీజు తీస్కున్నట్టయితే వాపస్ ఇచ్చెయ్."

"పొడి తిన్నది నిన్న. పడ్డది ఇయ్యాల. అంతసేపు ఆ విషం ఏం చేసింది, ఇంట్ల పండుకున్నదా?"

"మెల్లగ ఎక్కే విషాలు లేవా?"

"ఉన్నయి. ఇది కాదన్నది డాక్టరమ్మ. ఇంకో ఇద్దరు పిల్లలు గూడ తిన్నరు గద, వాళ్లెక్కడ?"

"ఇంట్లనే. బాగనే ఉన్నరు." నర్సింగ్ కుర్చీలో కొంచెం కదిలాడు. "ఒక్కొక్కల ఒళ్లు ఒక్కొక్క తీరు."

మనోరమ బల్ల మీది కట్టలోంచి ఒక 'చీకటి చుట్టం' తీసి, పేజీలు తిప్పి, రామ్‌కిషన్ వైపు తిరిగింది.

"ఎక్కడి నుంచి తెప్పించినవ్?"

"ఏజెంటు అంటగట్టిండు మేడం. నోటుబుక్కులు కావాలంటే ఇవి గూడ తీస్కోవాలన్నడు."

"చదివినవా?"

"అట్ట చూసిన."

"లోపల?"

మనోరమ ఒక పేజీ తెరిచి పైకి చదివింది. "'ఈ సంగతి అమ్మకు చెప్పకు. నాన్నకు చెప్పకు. చెబితే చుట్టం అలిగి వెళ్లిపోతాడు.' ఇది చదివినవా?"

"చదివిన మేడం."

"చదివి గూడ అమ్మినవ్."

"పోతున్నయి మేడం. నీతి కథల పుస్తకాలు ఎప్పటిసందో దుమ్ము పట్టినయ్. ఇది పెట్టంగనే పొల్లగాండ్లు ఎగబడ్డరు. అందుకనే కింది అరల పెట్టిన, వాళ్ల చేతికి అందేటట్టు. తప్పే. కాని బిడ్డల దండ్రిని మేడం, విషం పెడ్తనా?"

మనోరమ పుస్తకం మూసింది. దయ్యాల కథ చెప్పకుండా ఏ నాయనమ్మ పిల్లల్ని నిద్రపుచ్చింది? తాను చిన్నప్పుడు విన్నది, తన పిల్లలకు చెప్పింది. భయపడి ఒళ్లోకి ముడుచుకుంటారనే గదా చెప్పేది. కానీ ఏ నాయనమ్మా కథ చివర 'మీ అమ్మకు చెప్పకు' అనలేదు. ఈ పుస్తకం ఆ మాట అంటోంది, అదీ డబ్బులు తీసుకుని. అది మంచి పని కాదు. ఎవరు అడిగినా ఆమె ఆ మాటే చెబుతుంది. అయితే మంచిది కాని ప్రతి పనికీ హత్యాయత్నమని పేరు పెట్టవచ్చునా?

ఆమె ఇలా అనుకుంటూ ఉండగానే రామ్‌కిషన్ చెయ్యి చాచి బల్ల మీది మాయపొడి పొట్లం లాక్కుని, పంటితో చింపి, మొత్తం నోట్లో పోసుకున్నాడు.

"ఉమ్మిరా!" నర్సింగ్ కుర్చీ వెనక్కి పడింది. యాకోబు అతని దవడలు పట్టుకున్నాడు. షాపు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో రామ్‌కిషన్ మూసిన నోట్లోంచి సన్నగా చిటపటమని చప్పుడు వినిపించింది.

"చక్కెర సార్," అన్నాడు నోరు తెరిచి. నాలుక నీలంగా ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. "నోట్ల పటపటలాడే చక్కెర. మా బిడ్డ గూడ నాలుగు పొట్లాలు తిన్నది. కావాలంటే ఇక్కడనే నిలబడ్త, ఎంతసేపైనా చూస్కోండ్రి."

"నాటకాలు," అన్నాడు నర్సింగ్. అన్నాడే గానీ కుర్చీ లేపి నిలబెట్టి మళ్లీ కూర్చోలేదు. కోపం దించుకోవడానికి యాకోబును చాయ్ తెమ్మన్నాడు.

చాయ్ వచ్చింది. ఒక గ్లాసు మనోరమ ముందు పెట్టాడు. "తాగక్కా. కేసు లేకున్నా చాయ్ ఉన్నది."

"సోమవారం నర్సింగ్. ఉపాసం. లేచిన కాడ్నుంచి నోట్ల ఏం పడలే, పచ్చి మంచినీళ్లు సుత ముట్టలే."

ఆ మాట పూర్తయ్యాక ఆమె అలాగే ఉండిపోయింది.

నోట్లో ఏమీ పడలేదా? పొద్దున స్నానం చేసి, శివాలయానికి వెళ్లి, అభిషేకం చూసి, అరచేయి చాచి తీర్థం తీసుకుంది. కళ్లకద్దుకుని మింగింది. తడిచేతిని తలకు రాసుకుంది. ఆ తర్వాతే బస్సెక్కింది. మరి ఇప్పుడు నర్సింగ్‌కు అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. తన మనసులో అది నీళ్లు తాగడం కిందికి రాదు. ఎవరి మనసులోనూ రాదు. ఉపవాసం ఉన్నవాళ్లను వంద మందిని పిలిచి అడిగినా, వంద మందీ తీర్థాన్ని వదిలేసే చెబుతారు.

అనిత కూడా అంతే నిజం చెప్పింది.

"ఎటు పోతున్నవ్?" అన్నాడు నర్సింగ్.

"నీకు నేను ఇప్పుడే ఒక అబద్ధం చెప్పిన. తెల్వకుండ చెప్పిన. అసొంటిదే ఇంకోటి దవాఖానల విన్న. చూసొస్త."

---

రుచిత తాత మహాదేవప్ప అల్లం, పసుపు కొని అమ్మే వ్యాపారి. తాతల నాటి ఊరు బీదర్ అవతల. ఇంట్లో ఇప్పటికీ సగం మాటలు కన్నడంలోనే నడుస్తాయి. మగవాళ్లంతా దవాఖానలో ఉన్నారు. ఇంట్లో నాయనమ్మ మహాదేవమ్మ ఒక్కతే ఉంది. నుదుట మూడు విభూతి రేఖలు, మెడలో దారానికి వెండికాయలో ఇష్టలింగం. దేవుడి గది గడప దగ్గర కూర్చుని ఏదో జపించుకుంటోంది.

మనోరమ కాళ్లు కడుక్కుని వచ్చి ఆమె ఎదురుగా కింద కూర్చుంది. తాను ఎవరో, ఎందుకు వచ్చిందో చెప్పింది.

"దేవుడి గదిల ఒక్కసారి చూస్తనవ్వా. నాకు గూడ ఇయ్యాల ఉపాసమే. మైల లేదు."

ముసలామె ఆమె నుదుటి బొట్టు వైపు చూసి, పక్కకు జరిగింది.

గది అద్దంలా ఉంది. ఇత్తడి దీపాలు తోమి బోర్లించారు. కుంకుమ భరిణె, విభూతి పండు, పంచపాత్ర. పొద్దుటి పూజ పువ్వులు తీసేశారు. సాయంత్రానికి కొత్త పువ్వులు తడిగుడ్డలో చుట్టి పెట్టారు. పాడైంది, పులిసింది ఏదీ లేదు. మనోరమ పెరట్లోకి నడిచింది. తీసేసిన పువ్వులు ఎవరూ తొక్కకుండా కరివేపాకు చెట్టు మొదట్లో పోశారు. వంగి, పుల్లతో కదిపింది. గన్నేరు. మారేడు ఆకులు. వాడిపోయిన తెల్లటి పొడుగు ఉమ్మెత్త పువ్వులు. వాటి కింద ముళ్ల కాయలు.

ఉమ్మెత్త పువ్వు శివుడికి పెడతారు. కాయ కూడా పెడతారు. ఆమె చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అయితే కాయను కాయగా పెడతారు. ఇవి పగలగొట్టిన కాయలు. తిప్పి చూసింది. డొప్పలే ఉన్నాయి. లోపల ఒక్క గింజ లేదు.

ఆమె తిరిగి గదిలోకి వచ్చి ఈసారి పైకి చూసింది. గూట్లో రాగి చెంబు, మీద పళ్లెం, పళ్లెం మీద ఎర్రగుడ్డ. చెయ్యి పెట్టబోయింది.

"దించకు తాయీ!" మహాదేవమ్మ లేచి వచ్చింది. "అది దేవుని నీళ్లు. సాయంత్రం రుచితమ్మకు పొయ్యాలె. నా కొడుకు సచిన్ వస్తడు, వానితోని దవాఖానకు తీస్కపోత. డాక్టర్లు ఒప్పుకోరు, కొంగుల దాచి తీస్కపోత."

మనోరమ గొంతు మారనీయలేదు.

"పొద్దుగాల గూడ పోసినవా అవ్వా?"

"పోసిన. పూజ కాంగనే."

"పాపకు ఏమన్న తాగిచ్చిన్రా అని డాక్టరమ్మ మిమ్ములను అడిగింది గద?"

"అడిగింది. ఏం తాగలే అన్న."

"మరి ఇది?"

ముసలామె వింతగా చూసింది. "ఇది పాదోదకం తాయీ. లింగం మీద పోసిన నీళ్లు. ఇది తాగుడెట్లయితది?"

మనోరమ చెంబు దించి పళ్లెం తీసింది. నీళ్లు బెల్లం రంగులో ఉన్నాయి. అడుగున చదునైన గోధుమరంగు గింజలు పేరుకుని ఉన్నాయి. పచ్చి వాసన ముక్కుకు కొట్టింది.

"రోజు ఇచ్చేది గూడ గిట్లనే ఉంటదా?"

"రోజు ఉత్త నీళ్లే. ఇది పిల్లకు పట్టినదాన్ని ఎళ్లగొట్టేది. నిన్న ఆ ఆట ఆడిందని తెల్వంగనే కాయలు పగలగొట్టి రాత్రే నానవెట్టిన. చేదని ఉమ్మేస్తదని బెల్లం ఏసిన. బంగారు తల్లి, మారు మాట్లాడకుండ తాగింది."

ఎలా చెప్పాలి? కేకలు వేసి చెప్పవచ్చు. చెంబు లాక్కుని పారబోయవచ్చు. అప్పుడు ఈమె ఇంకో చెంబు నానబెడుతుంది. మనోరమ చెంబును ఇద్దరి మధ్యా నేల మీద పెట్టి కూర్చుంది.

"అవ్వా, శివునికి ఉమ్మెత్త ఎందుకు పెడ్తం మనం?"

"ఆయన విషం మింగినోడు గద. లోకం తీస్కోనిది ఆయన తీస్కుంటడు."

"ఆయన తీస్కుంటడు. ఆయనకిచ్చింది మళ్ల మనం మింగుతమా?"

మహాదేవమ్మ చెంబులోకి చూసింది. చెయ్యి మెల్లగా మెడలోని వెండికాయ మీదికి వెళ్లింది. పెదవులు కదిలాయి గానీ జపం రాలేదు.

"నా చేతులతోనే పోసిన," అంది చివరికి.

"బతకాలనే పోసినవ్. ఇంక బతికిద్దాం పట్టు." మనోరమ అప్పటికే ఫోన్ చెవికి ఆనించింది. "డాక్టరమ్మా, ఉమ్మెత్త గింజలు. రాత్రంతా నానవెట్టిన నీళ్లు, పొద్దుగాల పూజ కాంగనే తాగింది. ఒక్కసారే. గిద్దెడు ఉండొచ్చు."

అవతల పెద్ద నిట్టూర్పు. "ఇప్పుడు నా చేతులకు కట్లు విప్పిన్రు మేడం. దీనికి ఏం చెయ్యాల్నో తెలుసు. ఒళ్లు కాలుడు దించాలె, ఫిట్స్ రాకుండ చూస్కోవాలె, మందు తెప్పిస్త. రెండోసారి పడలే గద? పడలేదంటే పిల్ల దక్కుతది. అమ్మకు చెప్తున్న."

ఆ మాట మనోరమ ముసలామెకు యథాతథంగా చెప్పింది. మహాదేవమ్మ ఏడవలేదు. గడప మీద తల ఆనించింది.

---

వీధిలో జీపు ఆగింది. నర్సింగ్ లోపలికి వచ్చి, చెంబునూ డొప్పలనూ చూశాడు. మనోరమ చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"బాగున్నదక్కా. షాపోన్ని ఇడిపియ్యనీకె ముసలామె మీద పెడ్తవా?"

"కేసు ఎవరి మీద పెడ్తవో తర్వాత చూద్దాం. అవ్వకు ఈ మందు ఎవరు చెప్పిన్రో అడగవా?"

"ఎవరు?"

"ఫోన్ల చెప్పిన్రు," అంది మహాదేవమ్మ తల ఎత్తకుండానే. "నిన్న పొద్దుగాల సచిన్ ఫోన్ల వచ్చింది. నాకు చదువ రాదని వాడు నా ఫోన్‌కు పంపిండు, ఇనుమని."

ఆమె ఫోన్ అందించింది. మనోరమ నొక్కింది. గంభీరమైన మగగొంతు, వెనక సన్నగా గంటల చప్పుడు.

"తల్లులారా, మీ ఇంట్లో నల్లట్ట పుస్తకం ఉన్నదా? పిల్లలకు చుట్టాన్ని పిలిచే ఆట నేర్పే పుస్తకం ఉన్నదా? వెంటనే కాల్చెయ్యండి..."

"మంచిమాటే గద," అన్నాడు నర్సింగ్. "నేను గూడ విన్న."

"మొత్తం విన్నవా?"

గొంతు సాగుతూ పోయింది. పుస్తకం ఎలా కాల్చాలో, బూడిద ఎక్కడ వెయ్యాలో చెప్పింది. ఇంటి పేరు, గోత్రం చెప్పుకొమ్మంది. తీరా చివరికి, వినేవాళ్లకు ఓపిక నశించే చోట, ఇలా అంది. "పుస్తకం కాల్చినంత మాత్రాన పిల్లను పట్టింది పోదు. సోమవారం దీపాలు పెట్టే వేళ, ఉమ్మెత్త కాయలు నానిన అభిషేకం నీళ్లు పిల్లతో తాగించండి. ఎవరికీ చెప్పకండి. ఫోన్లు బంద్ పెట్టి, తలుపు వేసి చెయ్యండి."

"దీపాల వేళ," అంది మనోరమ. "అవ్వ మాత్రం పొద్దుగాలనే పోసింది."

"మా ఇంట్ల పాదోదకం పొద్దుగాలనే," అంది మహాదేవమ్మ. "సాయంత్రం ఇంకొక్కసారి ఇద్దామనుకున్న."

మనోరమ సచిన్‌కు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది. జవాబు విని, ఫోన్ పెట్టేసింది.

"బడి గ్రూపుల వచ్చిందట. పంపినోళ్ల పేరు బాలల భద్రతా దళం. అది నీ నంబరే గద నర్సింగ్."

అతను గోడకు ఆనుకున్నాడు. "కాలవెట్టుమన్నదాక విన్నక్కా. మన పని సులువైతది అనుకొని పంపిన. ఎనకది... ఎవరింటరు అంతసేపు?"

"తల్లులు ఇంటరు. ఎన్ని గ్రూపులకు పంపినవ్?"

"అన్ని బళ్లకు. ఝరాసంగం, రాయికోడ్, మొగుడంపల్లి దాక. పోలీసులు పంపిన్రంటే మంచిగ నమ్ముతరని..."

"నమ్మిన్రు."

పెరటి గోడ మీది ఎండ పల్చబడుతోంది. నర్సింగ్ ఫోన్ తీసి, ఆ నీళ్లు తాగించవద్దని గబగబా మాట్లాడి, పంపిన గ్రూపులన్నిటికీ మళ్లీ పంపాడు. ఇద్దరూ తెర వైపు చూస్తూ నిలబడ్డారు. ఒకళ్లిద్దరు విన్నట్టు గుర్తు వచ్చింది. తక్కినవి అలాగే ఉన్నాయి. ఫోన్లు బంద్ పెట్టమని చెప్పింది కూడా పోలీసుల నంబరు నుంచి వచ్చిన గొంతే.

"ఊరంతా తిరగలేం," అంది మనోరమ. "పుస్తకం కొన్న ఇండ్లకే పోవాలె. ఎవరెవరు కొన్నరో ఎవరికెరుక?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు. నర్సింగ్ యాకోబుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, "రామ్‌కిషన్‌కు ఇయ్యి," అన్నాడు.

"సార్," అన్నాడు రామ్‌కిషన్.

"ఆ పుస్తకం ఎవరెవరికి అమ్మినవో యాదున్నదా?"

"చిన్న ఊరు సార్. అందరు తెలిసినోళ్లే. యాదున్నది."

"మరి పొద్దటి నుంచి చెప్పవేందిరా?"

"ఎక్కడి నుంచి తెచ్చినవని అడిగిన్రు. ఎంత విషం కలిపినవని అడిగిన్రు. ఎవరికి అమ్మినవని అడగలే సార్."

నర్సింగ్ పళ్లు కొరుక్కున్నాడు. గొంతు దించాడు. బతిమాలడం అలవాటు లేని మనిషి బతిమాలినట్టుంది. "చెప్పు రామ్‌కిషన్. పిల్లల పాణాలు. ఒక్కొక్క ఇల్లే చెప్పు, మనుషులను ఉరికిస్త."

అవతల మాట లేదు.

"రామ్‌కిషన్!" అంది మనోరమ.

"ముందుగాల మీ ఇంటికి ఉరుకుండ్రి సార్," అన్నాడు రామ్‌కిషన్. "మీ మేడమే వచ్చి తీస్కపోయింది, మీ పాప ఏడుస్తున్నదని. తర్వాత గొడవైనంక ఫోన్ చేసి, సార్‌కు చెప్పొద్దన్నది. అందుకనే నేను గూడ నోరు మూసుకున్న."

నర్సింగ్ మనోరమ ఫోన్ లాక్కుని భార్య నంబరు నొక్కాడు. ఫోన్ బంద్ ఉందని వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. మనోరమ అతని చేతిలోంచి జీపు తాళం తీసుకుని వీధిలోకి నడిచింది. రామ్‌కిషన్ రెండో ఇంటి పేరు చెబుతూ ఉంటే, అవతల యాకోబు ఆ పేరు పైకి అరిచి ఎవరినో పరిగెత్తిస్తున్నాడు.

జీపు ఎక్కాక నర్సింగ్ నోరు విప్పాడు.

"అక్కా, ఆ మెసేజ్ అందరికంటే ముందు పంపింది ఆమెకే."